తెల్ల దుప్పట్లు ఉతికే రోజు

నీటి పరీక్షల గది,
సోమవారం

ప్రియమైన తమ్ముడూ,

మీ కంపెనీ అచ్చేసిన పుస్తకం ఇవాళ పొద్దున మా ఆఫీసుకు వచ్చింది. అట్ట మీద ఒక చిన్న మొక్క, దాన్ని పట్టుకున్న రెండు చేతులు. ఆ చేతులకు మట్టి కూడా అంటలేదు. సరే, బొమ్మే కదా అనుకుని లోపల తిప్పితే ఇరవయ్యో పేజీలో నా సంతకం కనిపించింది. దాన్ని అరచెయ్యంత పెద్దది చేసి, కింద ‘మా నీటి స్వచ్ఛతకు ప్రభుత్వ సాక్ష్యం’ అని వేశారు. మా ఇంజినీరు గారు ఆ పేజీ తెరిచి పట్టుకుని ఆఫీసంతా తిరిగారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నన్నెవరు అడిగారు? ఆ పుస్తకం రాసింది నువ్వే కదా, నాకొక ఉత్తరం ముక్క రాస్తే అరిగిపోతావా?

ఫోన్ చేసి తిట్టొచ్చు. కానీ ఫోన్లో నువ్వు నన్ను నవ్వించి తప్పించుకుంటావు, చిన్నప్పటి నుంచీ అంతే. కాగితం మీద నీ పప్పులుడకవు. నేను ఈ ఉత్తరాల అలవాటు మానకపోవడానికి కారణం అదే.

నా సంతకం దేనికో మీ పుస్తకంలో సరిగ్గా లేదు కాబట్టి మళ్ళీ చెప్తున్నాను. మీ మిల్లులో బట్టలకు రంగులద్దిన నీళ్ళు మా కాలువలోకి వస్తాయి. వాటిని శుభ్రం చేసి వదలడానికి మీవాళ్ళు యంత్రాలు పెట్టారు. పన్నెండు నెలలు వరసగా ఆ నీళ్ళు బాగున్నాయని నేను సంతకం పెడితే, మా పంపుహౌసు వాటిని తీసుకుని కింది వీధుల కుళాయిలకు వదులుతుంది. నాలుగు వేల ఇళ్ళు. తాగేది, వండుకునేది, పిల్లలకు స్నానం పోసేది ఆ నీళ్ళే. కుళాయిలు బిగించి ఎనిమిది నెలలైంది. తిప్పితే గాలి వస్తుంది, పిల్లలు వాటికి నోరు పెట్టి బూరల్లా ఊదుతున్నారు. ఇప్పటికి పది సంతకాలయ్యాయి, ఇంకా రెండున్నాయి. ఆ రెండూ పడకముందే మీరు పుస్తకం వేసేశారు.

ఇంకో మాట కూడా మీ పుస్తకంలో లేదు. నేను నీళ్ళు పట్టే రోజు మిల్లువాళ్ళకు తెలియకూడదు. వారానికో సీసా, ప్రతివారం రోజు మారాలి. చీటీలు వేసి తియ్యమని ఇంజినీరు గారు చెప్పారు గానీ నాకంత ఓపిక లేదు. నీకు ముందే రాశాను కదా, అప్పట్లో ఆసుపత్రి పనిలో అమ్మకు వారం సెలవు వచ్చే వరసనే వాడుతున్నాను. సోమ, గురు, మంగళ, శని, బుధ, శుక్ర, మళ్ళీ మొదటికి. బయటివాళ్ళకు తలాతోకా లేనట్టుంటుంది. అమ్మ ఇంట్లో ఉండే రోజు ఎప్పుడొస్తుందా అని క్యాలెండరు ముందు నిలబడినవాళ్ళం కాబట్టి మనకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఈ వారం శనివారం.

వ్యాను మీ కంపెనీ ఇచ్చిందే. పక్కన పెద్ద అక్షరాలతో ‘భాగస్వామి’ అని రాసి ఉంటుంది. డ్రైవరు కూడా వ్యానుతో పాటే వచ్చాడు, జీతం మీవాళ్ళే ఇస్తారు. మేమంతా ఆయన్ని ‘నిదానం’ అంటాం. సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోతాయి. సీసాలు కదలకూడదు కదమ్మా అంటాడు. మంచి మనిషి.

నా సంతకం ఆ పుస్తకంలోంచి తీయించు. వేళకు తిను.

ఒళ్ళు మండి ఉన్న
నీ అక్క


హెడ్డాఫీసు,
శుక్రవారం

ప్రియమైన అక్కకు,

కవరు చింపుతుంటేనే చెయ్యి కాలింది. సంతకం సంగతి నాదే తప్పు, చెంపలేసుకుంటున్నాను. నువ్వు సంతోషిస్తావనుకున్నాను. మా అక్క సంతకం అని ఇక్కడ నలుగురికీ చూపించుకున్నాను కూడా. పంచేసిన పుస్తకాలు వెనక్కి తేలేను గానీ, మళ్ళీ వేసేటప్పుడు తప్పకుండా తీయిస్తాను.

తప్పు ఒప్పుకున్నాను కాబట్టి ఇప్పుడు నేను కూడా కాస్త కోప్పడతాను. నీకు కంపెనీ అనగానే జేబుదొంగ గుర్తొస్తాడు. మీ ఆఫీసు ఇరవై ఏళ్ళలో కింది వీధులకు ఏమిచ్చింది? రోజు విడిచి రోజు ఒక ట్యాంకరు. అదీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఆ వీధి చివర మనం బిందెలు మోసినవాళ్ళమే. నా ఎడమ భుజం ఇప్పటికీ కుడిదానికంటే కిందికుంటుంది, దర్జీ కొలత తీసినప్పుడల్లా అడుగుతాడు. దూరం నుంచి గొట్టాలు వేయడం మీ ఆఫీసు వల్ల కాలేదు. మా మిల్లు వాడుకున్న నీళ్ళనే శుభ్రం చేసి ఇస్తామంటే, యంత్రాలు మేమే పెట్టుకుంటామంటే, అందులో అంత అనుమానపడేది ఏముంది? ప్రైవేటు రంగం చెయ్యి కలపకపోతే సుస్థిర అభివృద్ధి కాగితం దాటి రాదు. ఇది పుస్తకంలో వాక్యమే, నవ్వుకో. కానీ అక్కా, అది నేను నమ్మి రాసిన వాక్యం.

పన్నెండో సంతకం పడితే మా భాగస్వామ్య విభాగానికి నన్ను పెద్దని చేస్తారట. మా పెద్దసారు రోజూ మాతోనే కలిసి భోంచేస్తాడు. నేను చెప్పే కబుర్లంటే చెవి కోసుకుంటాడు. నీ గురించి కూడా చెప్తుంటాను. అంత నిక్కచ్చి మనిషి మన నీళ్ళు చూస్తోందంటే అదే మనకు ధైర్యం అంటాడు.

కింది వీధుల్లో మొదటి కుళాయి తిప్పే రోజు నేను వస్తాను. నువ్వు పక్కనుండాలి. అప్పటిదాకా కోపం కాస్త పొదుపుగా వాడుకో.

నీ తమ్ముడు


నీటి పరీక్షల గది,
బుధవారం సాయంత్రం

తమ్ముడూ,

పదకొండో సంతకం సోమవారం పెట్టాను. ఇవాళ పన్నెండో నెల మొదటి సీసా పట్టడానికి వెళ్ళాను. ఏం జరిగిందో వరసగా రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

మిల్లు గొట్టం కాలువలో కలిసేచోటికి కాస్త దిగువన బట్టలుతికేవాళ్ళ మెట్లున్నాయి. ఎప్పుడూ వ్యాను దిగి, సీసా నింపి, వెళ్ళిపోయేదాన్ని. ఇవాళ చెప్పు తెగి ఆ మెట్ల మీద కూర్చున్నాను. గట్టు పొడుగునా ఆసుపత్రి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, మల్లెపువ్వుల్లా ఉన్నాయి. భలే తెల్లగా ఉతుకుతారే అన్నాను అక్కడున్న ఆమెతో, మాట కలుపుదామని.

‘‘మీ పుణ్యమేనమ్మా’’ అంది.

నాకర్థం కాలేదు. నా పుణ్యమేమిటన్నాను.

‘‘మీరొచ్చే రోజు మాకు ముందే తెలిసిపోద్ది కదా. తెల్లారేసరికి నీళ్ళు తేటబడతాయి. ఓహో, ఇవాళ సీసాలావిడ వస్తది అనుకుని తెల్లబట్టలన్నీ మోసుకొస్తాం. మిగతా రోజుల్లో తెల్లవి ముంచితే ఊదా రంగులో లేస్తాయి. అందుకే ఆ రోజుల్లో నల్లవీ నీలంవీ ఉతుకుతాం. వారంలో రెండు సార్లొస్తే పుణ్యముంటదమ్మా, ఆసుపత్రివాళ్ళు దుప్పట్లు చాలట్లేదని గోల పెడుతున్నారు.’’

ఆమె నన్ను మెచ్చుకుంటోంది, తమ్ముడూ. సోడాతో పగిలిన వేళ్ళతో తెగిన నా చెప్పుకు పిన్నీసు పెట్టి ఇచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కిందనడం వినడమే గానీ నిజంగా ఎక్కడం ఇవాళే చూశాను. ఎన్నాళ్ళ నుంచి ఇలా అన్నాను. తొమ్మిది నెలలుంటుందేమో అంది.

అంటే మీ యంత్రాలు నా కోసం మాత్రమే నడుస్తున్నాయి. నేను వచ్చే ముందురోజు సాయంత్రం మొదలుపెట్టి, నా వ్యాను మలుపు తిరగగానే ఆపేస్తున్నారు. నేను పట్టుకెళ్ళే సీసాలో ఉన్న నీళ్ళు వారానికి ఒక్కరోజు పారే నీళ్ళు. మిగతా ఆరు రోజుల నీళ్ళు ఏ కాగితంలోనూ లేవు. రేపు ఆ ఏడు రోజుల నీళ్ళూ నాలుగు వేల ఇళ్ళలో బిందెల్లోకి వెళ్తాయి, నా సంతకం చూపించి.

ఎవరో చెప్తున్నారు. నేను పలానా రోజు వస్తున్నానని ఎవరో ముందుగా మిల్లుకు చెప్తున్నారు. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసేది ఇద్దరికే. ఒకదాన్ని నేను. రెండోవాడు నిదానం, వ్యాను సిద్ధం చేసుకోవడానికి ముందురోజు అతనికి చెప్తాను. జీతం ఎవరిస్తే వాళ్ళ పాటే పాడతాడు కదా. సీసాలు కదలకూడదు కదమ్మా అంటూ ఏడాది పాటు నా చెవిలో పువ్వు పెట్టాడు.

మీ పెద్దసారును అడుగు. యంత్రాలు రోజూ నడుస్తున్నాయా లేదా అని మొహం మీద అడిగి, ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి.

అక్క


హెడ్డాఫీసు,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం చదివాను. పెద్దసారు ఊళ్ళో లేరు, వచ్చాక అడుగుతాను. యంత్రాలకు మరమ్మతులని అప్పుడప్పుడు ఆపుతుంటారని విన్నాను, ఆ రోజుల్లో రంగు వచ్చి ఉండొచ్చు. బట్టలుతికే ఆమె చెప్పిన ఒక్క మాట పట్టుకుని అంత దూరం వెళ్ళకు. ఆమేమీ పరీక్షలు చేసి చెప్పలేదు కదా.

డ్రైవరు మీద కాగితం ఏదీ పెట్టకు. తొందరపడకు. ఇంకో నెల ఆగితే అన్నీ సర్దుకుంటాయి. పన్నెండో నెల దాకా వచ్చి ఇప్పుడు గొడవైతే కింది వీధుల నీళ్ళు మళ్ళీ అటకెక్కుతాయి, అది నువ్వూ కోరుకోవు.

నాకిక్కడ పని ఎక్కువగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను.

నీ తమ్ముడు


నీటి పరీక్షల గది,
బుధవారం

తమ్ముడికి,

నీ చివరి ఉత్తరంలో పదకొండు వాక్యాలున్నాయి, ఒక్క జోకూ లేదు. నాకు అప్పుడే తట్టాల్సింది.

నువ్వు వద్దన్న పని నేను అప్పటికే చేసేశాను. నీ ఉత్తరం చేరేలోపే నిదానం మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. నీళ్ళు పట్టే రోజు మిల్లుకు చేరవేస్తున్నాడని, వ్యానులో ఇక అతను ఉంటే నేను ఎక్కనని రాశాను. ఇంజినీరు గారు మీ మిల్లుకు ఫోన్ చేశారు. మీవాళ్ళు ఒక్క ప్రశ్న వెయ్యకుండా ఆ సాయంత్రమే అతన్ని తీసేశారు. అంత చప్పున ఒప్పుకున్నారంటే నా మాట నిజమేనన్నమాట అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడు. వాళ్ళకు కావలసిన దొంగను నేనే పట్టి ఇచ్చాను.

తాళాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు నిదానం నా బల్ల ముందు కాసేపు నిలబడ్డాడు. ఏదో అడుగుతాడనుకుని నేను సూక్ష్మదర్శినిలోంచి తలెత్తలేదు. ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

మరుసటి వారం వంతు శుక్రవారం, బండి లేక నీళ్ళు పట్టలేదు. తర్వాతి వారం కొత్త డ్రైవరు వచ్చాడు. ఈసారి అతనికి ముందు చెప్పలేదు. మొన్న సోమవారం పది గంటలకు నేరుగా వెళ్ళి బండెక్కి కూర్చుని, అప్పుడు కాలువకు పొమ్మన్నాను. ఇంజినీరు గారికీ చెప్పలేదు, గుమాస్తాకూ చెప్పలేదు. నా డైరీలో కూడా రాసుకోలేదు.

వెళ్ళేసరికి గట్టు మీద తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి.

బండి దిగకుండా అలాగే కూర్చున్నాను. కొత్త డ్రైవరు రెండుసార్లు పిలిచాడు. నీళ్ళు పట్టాను, తేటగా ఉన్నాయి. నిన్న మంగళవారం పనిమీద కాకుండా నడుచుకుంటూ మళ్ళీ వెళ్ళాను. మెట్ల దగ్గర ఊదా రంగు నురగ మోకాలెత్తున ఉంది. ఉతికేవాళ్ళు నల్లబట్టలు జాడిస్తున్నారు.

నిన్న సాయంత్రం నుంచీ ఒకటే ఆలోచిస్తున్నాను. సోమవారం అని నేను ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదు. కానీ శుక్ర తర్వాత సోమ వస్తుందని ముందే తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అమ్మ సెలవుల వరస తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే మిగిలారు. అందులో ఒకరు ఈ ఉత్తరం రాస్తున్నారు.

రెండో మనిషి జవాబు కోసం చూస్తున్నాను. నీళ్ళు నమలకుండా రాయి.

అక్క


హెడ్డాఫీసు,
శనివారం

ప్రియమైన అక్కా,

నేనే.

నాకు తెలియకుండా జరిగిందని రాద్దామని మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

మూడో నెలలో ఒకరోజు భోజనాల దగ్గర అందరం చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటున్నాం. అమ్మకు ఆదివారాలు కాకుండా సోమవారమో గురువారమో సెలవు రావడం, ఆ రోజు బడి ఎగ్గొట్టడానికి మనిద్దరం పడ్డ తిప్పలు చెప్పాను. అందరూ నవ్వుతున్నారు. ఇంకా నవ్వించాలని, మా అక్క ఇప్పటికీ ఆ వరసలోనే మన కాలువ నీళ్ళు పడుతోంది అన్నాను. పెద్దసారు అందరికంటే గట్టిగా నవ్వాడు.

మర్నాడు తన గదికి పిలిచాడు. టీ తెప్పించాడు. ‘‘నిన్న చెప్పావే, మీ అమ్మగారి సెలవుల సంగతి. ఏ రోజు తర్వాత ఏ రోజు? ఓసారి రాసివ్వు, సరదాగా ఉంది’’ అన్నాడు. రాసిచ్చాను. ఆరు రోజుల పేర్లు, నా చేత్తో, కంపెనీ కాగితం మీద. ఈ వారం ఏదో అని అడిగితే అది కూడా సున్నా చుట్టి చూపించాను.

ఎందుకని అడగలేదు. అక్కడే ఉంది నా తప్పంతా. అడిగితే జవాబు వస్తుందని నాకు తెలుసు. జవాబు వస్తే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. అందుకని అడగలేదు, మరిచిపోయాను. మరిచిపోవడం ఎంత సులువో నువ్వు నమ్మవు. పుస్తకంలో నీ సంతకం వేసినప్పుడు నిజంగానే గర్వపడ్డాను.

దుప్పట్ల సంగతి నువ్వు రాయగానే నాకు మొత్తం అర్థమైంది. పెద్దసారు ఊళ్ళో లేరని రాసింది అబద్ధం. నా పక్క గదిలోనే ఉన్నాడు. ఒక్క ముక్క రాసి ఉంటే, డ్రైవరు కాదక్కా నేనే అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ డ్రైవరు ఉద్యోగం మళ్ళీ అడిగి నిలబెట్టేదానివి. ఒక మనిషి నోటి దగ్గర కూడు పోతోందని తెలిసి కూడా ‘తొందరపడకు’ అని నీకు నీతులు రాశాను.

నీ ఉత్తరం పట్టుకుని నిన్న పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. ‘‘రోజూ నడిపితే ఆ యంత్రాలు ఆర్నెల్లు కూడా ఉండవోయ్. వచ్చే ఏడాది రెండో సెట్టు వస్తుంది, అప్పుడు రోజూ నడుపుతాం. ముందు ఒప్పందం కానీ. మీ అక్కకు నువ్వు చెప్తే వింటుంది కదా’’ అన్నాడు. ఆయన చెడ్డవాడిలా కూడా కనిపించలేదు, అదే నాకు భయమేసింది. తను మంచి పనే చేస్తున్నానని నమ్ముతున్నాడు. మొన్నటిదాకా నేను కూడా నమ్మాను.

రాజీనామా రాసి సొరుగులో పెట్టుకున్నాను. సోమవారం ఇచ్చేసి ఏదో ఒక ఊరు వెళ్ళిపోతాను. నీకు నా మొహం చూపించలేను. నువ్వు ఏమైనా అను, పడతాను.

నీ తమ్ముడు


ఇల్లు,
సోమవారం

ప్రియమైన తమ్ముడూ,

ప్రియమైన అన్న మాట కొట్టేద్దామని కలం పెట్టాను. చెయ్యి రాలేదు. దాని మీద కూడా కోపంగానే ఉంది.

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు కావస్తోంది. చదివిన రోజు జవాబు రాసి ఉంటే అందులో తిట్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఈలోపు చేసినవి చెప్తాను.

ఆ ఆదివారం సిటీ బస్సులో కాలువకు వెళ్ళాను. అమ్మకు ఆదివారం సెలవు ఒక్కసారి కూడా రాలేదు కాబట్టి మీవాళ్ళు ఆ రోజు నాకోసం చూడరు. కూరగాయల సంచిలో నాలుగు సీసాలు పెట్టుకున్నాను. ఐదు రోజులు పట్టే పరీక్ష కూడా పూర్తి చేశాను. రంగు ఉండాల్సిన దానికి పది రెట్లుంది. లోహాలు నాలుగు రెట్లు. అలాంటి నీళ్ళను పంపుహౌసు ఎంత వడగట్టినా లోహం లోహంలాగే కుళాయి దాకా వెళ్తుంది. పన్నెండో సంతకం పెట్టలేదు. అంతకుముందు పెట్టిన పదకొండు కూడా చెల్లవని రాసిచ్చాను.

కింది వీధుల్లో ఈ సంగతి గంటలో పాకిపోయింది. ఎవరి మీదికి వచ్చారనుకున్నావు? మీ మిల్లు మీదికి కాదు. ఖాళీ బిందెలతో నలభై మంది ఆడవాళ్ళు నా ఆఫీసు ముందుకు వచ్చారు. నీళ్ళు ఆపింది నువ్వేనటగా అన్నారు. పరీక్షలో ఏం తేలిందో చెప్పాను. ఒకామె అంతా విని, ‘‘రంగున్నా పర్లేదు, రానివ్వండమ్మా, గిన్నెలైనా కడుక్కుంటాం’’ అంది. ఈ మాట మీ పుస్తకంలో వేసుకో. నా సంతకం కంటే పెద్ద అక్షరాలతో వేసుకో.

నిదానం ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు ఒక గోడౌనులో మూటలు మోస్తున్నాడు, ఆ వయసులో. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. తప్పు నాదని, మీరు చెప్పలేదని తెలిసిందని అన్నాను. మంచినీళ్ళ చెంబు తెచ్చి నా ముందు పెట్టాడు. తర్వాత ‘‘ఏడాది పాటు పక్క సీట్లోనే కూర్చున్నారు కదమ్మా. నన్నొక్క మాట అడగాల్సింది’’ అన్నాడు. అంతే. వాళ్ళావిడ లోపలి నుంచి బయటికి రాలేదు. ఇద్దరూ కలిసి నన్ను దుమ్మెత్తిపోస్తే బాగుండేది.

ఇప్పుడు నీకు తెలియనిది ఒకటి చెప్తాను. ఇన్నాళ్ళూ నీ మీద అరిచిన అరుపుల్లో సగం ఇది దాచుకోవడానికేనేమో.

నాలుగో నెలలో ఒక సీసా మరీ శుభ్రంగా వచ్చింది. మా ఆఫీసు కుళాయి నీళ్ళకంటే బాగుంది. ఒక మిల్లు గొట్టం దగ్గర అలాంటి నీళ్ళు ఉండవు. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నాకు తెలుసు. మళ్ళీ పరీక్ష చేస్తే మళ్ళీ అదే వచ్చింది. ఇంకే మిల్లయినా అయితే మర్నాడే చెప్పకుండా వెళ్ళి ఇంకో సీసా పట్టేదాన్ని. వెళ్ళలేదు. నా తమ్ముడున్న కంపెనీ కదా, వాడు దగ్గరుండి చేయిస్తున్నాడు కదా అని మురిసిపోయి సంతకం పెట్టాను. నువ్వు ఎందుకని అడగలేదు, నేనూ అడగలేదు. మనిద్దరికీ ఇందులో తేడా ఎంతో నాకింకా తెగడం లేదు.

అందుకే నిదానం మీద ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ కొత్తది రాశాను. నీళ్ళు పట్టే రోజుల వరసను ఇంటివాళ్ళకు రాసి బయటపెట్టిందని, అనుమానం వచ్చీ ఊరుకుందని మొదటి పేరు నాది పెట్టాను. రెండో పేరు నీది. నీ పేరు రాసేటప్పుడు నేను వెనకాడలేదు, ఇది కూడా నువ్వు తెలుసుకో. నన్ను ఇవాళ్టి నుంచి పనిలోంచి ఆపారు. ఈ ఉత్తరం ఇంటి దగ్గర కూర్చుని రాస్తున్నది అందుకే.

ఇక నీ రాజీనామా. ఇచ్చావో లేదో నువ్వు రాయలేదు. ఇవ్వకపోతే చింపెయ్యి. చేతులు దులుపుకుని ఏదో ఊరు వెళ్ళిపోతే నీ మనసు తేలిక పడుతుందేమో గానీ కింది వీధుల్లో ఒక్క బిందె నిండదు. మిల్లు మూసెయ్యమని నేను అడగడం లేదు. మిల్లు మూస్తే ఆ వీధుల్లోనే సగం ఇళ్ళలో పొయ్యి వెలగదు. మీ పెద్దసారు లేకుండా ఆ యంత్రాలు నడవవు, అదీ నాకు తెలుసు. అవి ఏడు రోజులూ నడవాలి. ఆ గది తాళంచెవి ఒకటి బట్టలుతికేవాళ్ళ దగ్గర ఉండాలి. ఆగితే వాళ్ళకే ముందు తెలుస్తుంది, నాకంటే, మా ఇంజినీరుకంటే. చెయ్యి కలపడమని నువ్వు రాస్తావే, అంటే నాకు తెలిసింది ఇంతే. ఇది ఒప్పందంలో రాయించగలిగినవాడు మీ ఆఫీసులో నువ్వొక్కడివే. లోపల ఉండి రాయించు, లేకపోతే వాళ్ళు గెంటేదాకా రాయించడానికి ప్రయత్నించు.

విచారణ వచ్చే సోమవారం పది గంటలకు, మా ఆఫీసు మేడ మీద. ఇంజినీరు గారుంటారు, మీ పెద్దసారును కూడా పిలిచారు, కింది వీధుల నుంచి కొందరు వస్తారు. నిదానం వస్తాడు. అతని ఎదురుగా కూర్చుని, ఆ ఆరు రోజుల పేర్లు ఎవరికి రాసిచ్చావో, అతన్ని తీసేస్తుంటే తెలిసీ ఎందుకు ఊరుకున్నావో నీ నోటితో చెప్పు. కంపెనీ కాగితం మీద రాసి పంపితే కుదరదు.

చెప్పాక నాతో పాటు ఇంటికి రా, భోజనం పెడతాను. చెప్పకుండా మాత్రం నా గడప తొక్కకు.

నీ ఉద్యోగం ఉంటుందా పోతుందా అని నన్ను అడగకు. నిదానం ఉద్యోగం పోయినప్పుడు మనిద్దరిలో ఎవరమూ అడగలేదు.

నీ అక్క